ఆర్విల్‌కు చెవులైన పెన్నీ

ఆర్విల్ స్టిడమ్‌కు చెవులు ఒక్కరోజున పోలేదు. ఒహాయో నది ఒడ్డున ఉన్న బాయిలర్ల కార్ఖానాలో చేరింది మొదలు అది మూతపడేదాకా పనిచేసి, కొంచెం కొంచెంగా వాటిని అక్కడే వదిలేసి వచ్చాడు. పెద్ద ఇనప పీపా లోపల ఒకడు ముడుచుకు కూర్చుని రేకుకు దన్ను పట్టాలి, బయటనుంచి రెండోవాడు గాలిసుత్తి ఆడించాలి. లోపలికి సన్నటివాడే పడతాడు కాబట్టి ఆ పని ఆర్విల్‌కు దక్కింది. బయట సుత్తి పట్టేవాడు హెర్షెల్ డటన్. చెవుల్లో దూది కుక్కుకున్నా కాసేపటికే పుర్రె అంతా గంటలా మోగేది.

"నీ చెవులు తిన్నవాణ్ణి నేనేరా ఆర్విల్," అనేవాడు హెర్షెల్, పొద్దున పూట హోటల్లో కాఫీ తాగుతూ, బల్లమీద చెయ్యి చరిచి.

"ఏం పోయింది, మీ ఆవిడ నోరు కూడా వినపడటం లేదు," అనేవాడు ఆర్విల్.

ఇద్దరివీ నది అవతలి కెంటకీ కొండలే. తండ్రులు బొగ్గు గనులు విడిచి ఒకే ఏడాది నది దాటారు. ఇద్దరూ ఒకే వీధిలో పెరిగారు, ఒకే పనిలో చేరారు, ఒకే పడవలో చేపలకు వెళ్లారు. హెర్షెల్ కొడుకు కోడీకి గాలానికి ఎరగుచ్చడం నేర్పింది ఆర్విల్. కన్నతండ్రికి అంత ఓపిక లేదు మరి.

ఆర్విల్ భార్య గ్లెన్నా వృద్ధాశ్రమంలో వంట చేసేది. వాళ్లకు పెళ్లయిన చాలా ఏళ్లకు పుట్టిన ఒక్కగానొక్క కూతురు మిస్టీ. కంపెనీ వాళ్లిచ్చిన చెవి మిషన్లు ఈలలు వేస్తున్నాయని ఆర్విల్ వాటిని మేకుల డబ్బాలో పడేసినప్పుడు, తండ్రితో మాట్లాడటానికి మిస్టీ ఒక పద్ధతి పెట్టుకుంది. ఎదురుగా వచ్చి నిలబడి, గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుని, పెదాలు కదుపుతూ మెల్లగా చెప్పేది. అట్లా ఆర్విల్ పెదాలు చూసి మాట పట్టడం నేర్చుకున్నాడు. ఎదురుగా ఉన్నంతసేపూ ఫరవాలేదు. వెనకనుంచి పిలిస్తే మాత్రం గోడను పిలిచినట్టే.

కుక్కను తెచ్చింది కూడా మిస్టీయే. ఇంకా స్కూల్లో ఉండగా, పెట్రోలు బంకు వెనక దొరికిన పిల్లను చొక్కాలో చుట్టుకుని తెచ్చింది. పాత రాగి పైసా రంగులో ఉందని, పైసా అనే అర్థంలో పెన్నీ అని పేరు పెట్టింది. వేటకుక్క చెవులు, వెడల్పాటి ఛాతీ, అదేం జాతో ఎవరికీ తెలియదు. తలుపు సంగతి దానికి ఎవరూ నేర్పలేదు. తలుపు చప్పుడైతే ఈ ముసలాయన కదలడని అదే కనిపెట్టుకుంది. ఎవరైనా కొడితే పరుగున వచ్చి ఆర్విల్ అరచేతిలో ముక్కు పెట్టి పొడిచేది. తరవాత తలుపు దగ్గరికి పరుగెత్తి, వెనక్కి తిరిగి, వస్తున్నాడా లేదా అని చూసేది. రాకపోతే మళ్లీ వచ్చి పొడిచేది. పొయ్యిమీద నీళ్లు పొంగినా అంతే, ఫోను మోగినా అంతే. ఫోనెత్తి ఏం చేస్తాడని దానికి తోచేది కాదు, పాపం.

"నాకంటే దాని మాటే ఎక్కువ వింటావు నువ్వు," అనేది గ్లెన్నా.

"అది ఊరికే మాట్లాడదు," అనేవాడు ఆర్విల్.

మిస్టీ పెద్దదై గిడ్డంగిలో పెట్టెలు ఎత్తే పనిలో చేరింది. నడుం పట్టేసింది. డాక్టరు మాత్రలు రాశాడు. నొప్పి తగ్గాక కూడా మాత్రలు తగ్గలేదు. డాక్టరు ఆపేశాక అవి ఇచ్చేవాడొకడు దొరికాడు, ర్యాండీ అని. మొదట మాత్రలతో వచ్చాడు, తరవాత సంచితో వచ్చి వాళ్ల మేడగదిలోనే ఉండిపోయాడు. గ్లెన్నా కాదనలేకపోయింది, ఉంటే కూతురు కళ్లముందైనా ఉంటుందని. ఇంటి వరండా మెట్లమీద కూర్చుని వాడు వచ్చేపోయే కార్లవాళ్లకు ఏదో అందిస్తుంటే ఆర్విల్ చూశాడు.

ఆర్విల్ తనంతట తనే పోలీసు స్టేషనుకు వెళ్లాడు. నా ఇంటి మెట్లమీదే అమ్ముతున్నాడు, వచ్చి పట్టుకుపొండి అన్నాడు. బల్ల వెనక ఉన్నాయన తల వంచుకుని మాట్లాడితే, తలెత్తి చెప్పమని అడగాల్సి వచ్చింది. "చూస్తాం," అన్నాడు ఆయన. ఎవరూ రాలేదు. మళ్లీ వెళ్లాడు. మళ్లీ అదే మాట.

చివరికి ఆర్విలే ర్యాండీ సంచిని రోడ్డుమీదికి విసిరేశాడు. మిస్టీ వాడితో బయలుదేరింది. తండ్రి గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుని, "నన్ను కూడా గెంటేస్తున్నావా?" అని అడిగింది.

"వాడితో ఉన్నంతకాలం ఈ గుమ్మం ఎక్కకు," అన్నాడు ఆర్విల్.

పెన్నీ కారు వెంట వీధి చివరిదాకా పరుగెత్తి తిరిగొచ్చింది.

వేసవి పోయింది, చలికాలం వచ్చింది. మిస్టీ ఎక్కడుందో తెలియదు. ర్యాండీ మాత్రం ఎప్పుడో డ్రైవింగ్ లైసెన్సు మీద ఆర్విల్ ఇంటి చిరునామా రాయించుకుని పోయాడు. వాడు ఇంకో ఊళ్లో ఎవరికో అమ్మి, ఆ ఎవరో దొరికిపోయి వాడి పేరు చెబితే, జిల్లా పోలీసుల మత్తుమందుల దళం ఆ లైసెన్సు మీది ఇంటికి సోదా కాగితం తీసుకుంది. ర్యాండీ అక్కడ ఉన్నాడా లేడా అని ఎవరూ వచ్చి తొంగి చూడలేదు. వీధిలో ఎవర్నీ అడగలేదు.

ఆ పొద్దున ఆర్విల్ వంటింట్లో మాంసం ముక్కలు వేయిస్తున్నాడు. గ్లెన్నా పనికి వెళ్లడానికి మేడమీద తయారవుతోంది. పెన్నీ వచ్చి అరచేతిలో పొడిచింది. అప్పటికి దానికి పన్నెండేళ్లు దాటాయి, వెనక కాళ్లు బిగుసుకుపోయి పరుగు తగ్గింది, అయినా వచ్చింది. ఆర్విల్ చెయ్యి తువ్వాలుకు తుడుచుకుంటూ, పోస్టుమాను ఇంత పొద్దునే ఎందుకొచ్చాడా అనుకుంటూ దాని వెనకే నడిచాడు. పెన్నీ తలుపు దగ్గర ఆగి, ఎప్పట్లాగే వెనక్కి తిరిగి, ఆయన్ని చూస్తూ తోక ఊపింది.

ఆర్విల్ అరికాళ్లలో ఏదో దబ్బుమంది. తలుపు చట్రంతో సహా లోపలికి పడింది. నల్ల బట్టలు, ఇనప టోపీలు, ముఖాలకు ముసుగులు. పెన్నీకి తలుపువైపు తిరిగే సందు కూడా దొరకలేదు. ఆర్విల్‌కు తుపాకి మోత వినపడలేదు. దాని అదురు గుండెమీద ఎవరో గుద్దినట్టు రెండుసార్లు తగిలింది, అంతే. పెన్నీ వెనక భాగం కూలింది. ముందు కాళ్లతో నేలను గీరుకుంటూ ఆయనవైపు పాకింది.

వాళ్లు పడుకో, పడుకో అని అరిచారట. ముసుగుల వెనక పెదాలు ఎవరికి కనబడతాయి. ఆర్విల్ వంగి కుక్కను పట్టుకోబోయాడు. ఎవరో మెడమీద చెయ్యివేసి బోర్లా తొక్కారు, వీపుమీద మోకాలు పడింది. చెంప నేలకు ఆనుకుని ఉంది, ఎదురుగా చేయెడు దూరంలో పెన్నీ ముఖం. దాని నోరు కదులుతోంది. మూలిగిందో, మొరిగిందో ఆర్విల్‌కు తెలియదు. ఆ ఒక్కటి గ్లెన్నాను తరవాతెప్పుడూ అడగలేదు.

గ్లెన్నా మెట్లమీదనుంచి అరుస్తూనే ఉంది. "ఆయనకు వినపడదు. చెవుడు. ఆయనకు వినపడదయ్యా." కాసేపటికి ఎవరో విన్నారు. ఈలోపల ఒకడు వచ్చి పెన్నీని ఇంకోసారి కాల్చాడు.

ఇల్లంతా తిరగేశారు. పరుపులు కోశారు, పిండి డబ్బా నేలమీద బోర్లించారు. మిస్టీ పేరున్న ఖాళీ మాత్రల సీసా ఒకటి, గ్లెన్నా రక్తపోటు బిళ్లలు దొరికాయి. వాళ్లలో పెద్దవాడు సోదా కాగితం బల్లమీద పెట్టి, ర్యాండీ ఎక్కడున్నాడని గ్లెన్నాను అడిగాడు.

"మాకు తెలిస్తే మేమే మీకు చెప్పేవాళ్లం," అంది గ్లెన్నా. "చెప్పాం కూడా. రెండుసార్లు చెప్పాం. అప్పుడెక్కడున్నారు మీరు?"

అందరూ వెళ్లిపోతుంటే చివరగా ఉన్నవాడు గుమ్మంలో ఆగాడు. కాల్చింది వాడే. కుడికాలు కొంచెం బయటికి వేసి నడిచే ఆ నడకను ఆర్విల్ చూశాడు. పడవలోంచి ఒడ్డుకు దూకే కుర్రాడిలో ఆ నడక ఎన్నిసార్లు చూశాడో. గ్లెన్నాకు గుర్తుపట్టడానికి ముసుగు పైని కళ్లు చాలు.

"కోడీ," అంది గ్లెన్నా.

హెర్షెల్ కొడుకు ముసుగు తియ్యలేదు. వెళ్లిపోయాడు.

పెరట్లో నేల గడ్డకట్టి పార దిగలేదు. ఆర్విల్ నిప్పు రాజేసి నేల మెత్తబడేదాకా కూర్చుని గొయ్యి తీశాడు. గ్లెన్నా ఆ రోజు పనికి వెళ్లలేదు. నేలపలకల సందుల్లోకి ఇంకిన నెత్తురు ఎన్ని నీళ్లు పోసి రుద్దినా పోలేదు. చివరికి ఆమె దానిమీద చాప పరిచింది, ఆర్విల్ ఆ చాప తీసేశాడు. తలుపు ఉన్నచోట చెక్క కొట్టారు.

దళం రాసుకున్న కాగితంలో, భారీ కుక్క మీదికి దూకిందని ఉంది. ఆర్విల్ ఒక వకీలు దగ్గరికి వెళ్లాడు. వకీలు మంచివాడే, ఎదురుగా కూర్చుని మెల్లగా చెప్పాడు.

"చట్టం లెక్కలో కుక్క అంటే సామాను స్టిడమ్ గారూ. కుర్చీ విరగ్గొట్టారనుకోండి, అట్లా."

"దూకిన కుక్కకు గుండు వెనకనుంచి ఎట్లా తగిలిందండీ?"

"ఆ మాట మనం అడగొచ్చు. వాళ్లు జవాబు చెప్పరు. తలుపు పగలగొట్టిందానికైతే ఏదో ఇస్తారు."

తలుపుకు ఇచ్చారు. కొత్త తలుపు వచ్చింది. మునుపటిదానికన్నా గట్టిది.

ఊళ్లో చాలామంది ఆర్విల్‌ను చూసి జాలిపడ్డారు, కానీ జాలి చివర ఏదో ఒకటి తగిలించేవారు. మాత్రలు పిల్లల్ని మింగేస్తున్నాయి కదా అని. వాళ్ల పని వాళ్లు చెయ్యాలి కదా అని. ఎంతయినా కుక్కే కదా అని. రైలు పట్టాల అవతల నల్లవాళ్ల ఇళ్లలో అంతకుముందు పోలీసులు ఇట్లాగే ఒక కుక్కను చంపినప్పుడు, హోటల్లో కూర్చుని, అట్లాంటి వాళ్లకు అంత పెద్ద కుక్కలెందుకు అన్నది ఆర్విలే. ఆ మాట ఇప్పుడు ఎవరూ గుర్తు చెయ్యలేదు. ఆయనకే గుర్తుంది.

మంచు కరిగే రోజుల్లో హెర్షెల్ వచ్చాడు. ఆర్విల్ వరండాలో కూర్చుని ఉన్నాడు. హెర్షెల్ చేతిలో అట్టపెట్టె ఉంది, అందులో గోధుమరంగు కుక్కపిల్ల. పెట్టె మెట్టుమీద పెట్టి ఎదురుగా నిలబడ్డాడు.

"మా మేనకోడలి కుక్క పిల్లల్ని పెట్టింది. మంచి జాతి," అన్నాడు.

ఆర్విల్ పెట్టెలోకి చూడలేదు. "నువ్వు తెచ్చావా, వాడు పంపాడా?"

"నేనే తెచ్చాను. వాడికి తెలియదు."

"వాడి నోరు ఏమైంది?"

"వాడు రాలేడురా. వాళ్ల వకీళ్లు మాట్లాడొద్దన్నారు. నిద్రపోవటం లేదు వాడు, నన్ను నమ్ము. అది పెద్ద పోట్లాట కుక్కని చెప్పి పంపారట. ఆ గడియలో ఎవడికి మాత్రం..."

"అది వాడి ఒళ్లో పడుకునేది హెర్షెల్. పడవలో."

హెర్షెల్ నేలచూపులు చూశాడు. అప్పుడేమన్నాడో ఆర్విల్‌కు తెలియలేదు. తలెత్తాక మళ్లీ అన్నాడు. "పిల్లను ఉంచుకో. నా కోసం."

"మొదటి చెవులు నువ్వు తిన్నావు," అన్నాడు ఆర్విల్. "దానికి నేను నవ్వాను. నలభై ఏళ్లు నవ్వాను. రెండోవి నీ కొడుకు తిన్నాడు. పెట్టె తీసుకుని పో."

హెర్షెల్ పెట్టె ఎత్తుకుని వెళ్లాడు. తరవాత హోటల్లో ఇద్దరూ వేరువేరు బల్లల దగ్గర కూర్చునేవారు.

గ్లెన్నా కిటికీలోంచి అంతా చూసింది. మర్నాడు ఆయన కాఫీ కప్పు తీసి పక్కన పెట్టి, ఎదురుగా కూర్చుంది.

"నన్నొక్క మాట అడిగావా?"

"ఏమని?"

"అది నా ఇల్లు కాదా? ఆ నెత్తురు తుడిచింది నేను కాదా? నేను ఉంచుకునేదాన్ని ఆ పిల్లను. హెర్షెల్ కోసం కాదు. నేను పనికి పోతే నీకు ఎవరు చెబుతారు, తలుపు దగ్గర ఎవరున్నారో?"

"ఎవరొస్తారు మనకు?"

చెవిటివాళ్ల కోసం గంట నొక్కితే వెలిగే దీపం దొరుకుతుందని ఆమె కనుక్కుని వచ్చింది. రోజంతా బల్బు కేసి చూస్తూ కూర్చోనని ఆర్విల్ అన్నాడు. ఆమె ఇంక ఆ మాట ఎత్తలేదు.

ఆ ఎండాకాలమే మిస్టీ వచ్చింది. వచ్చినట్టు వాళ్లకు తెలియదు.

తెలిసింది మరుసటి ఏడాది. పక్క జిల్లా జైలునుంచి గ్లెన్నాకు ఫోను వచ్చింది. మిస్టీ దొంగ చెక్కుతో పట్టుబడి లోపల ఉంది. ర్యాండీ అప్పటికి ఆమెను వదిలేసి ఎటో పోయాడు, వాడు ఏ పోలీసుకూ దొరకనేలేదు. ఆదివారం ఇద్దరూ చూడటానికి వెళ్లారు. మధ్యలో మందపాటి అద్దం, అటొక ఫోను, ఇటొక ఫోను. ఆర్విల్‌కు ఫోను పనికిరాదు కాబట్టి గ్లెన్నా పట్టుకుంది, ఆయన అద్దానికి దగ్గరగా కూర్చుని కూతురి పెదాలు చూశాడు. మిస్టీ చిక్కి సగమైంది. ఒక పన్ను ఊడింది. అందువల్ల కొన్ని మాటలు పట్టడం కష్టమైంది.

"నేనొచ్చాను," అంది మిస్టీ. "పోయిన ఎండాకాలం. కొలంబస్‌లో మత్తు మాన్పించే చోట ఉండి, మానేసి వచ్చాను. బస్సు దిగి నడిచి వచ్చాను. తలుపు కొట్టాను."

గ్లెన్నా ఫోను గట్టిగా పట్టుకుంది. "ఎప్పుడే? నేను లేనా?"

"నువ్వు పనిలో ఉన్నావు. నాన్న ఉన్నాడు. పక్కకు వెళ్లి వంటింటి కిటికీలోంచి చూశాను. అటు తిరిగి కూర్చుని బంగాళాదుంపల తొక్క తీస్తున్నాడు. అద్దం కొట్టాను, పిలిచాను. తిరగలేదు." ఆమె తండ్రి వైపు తిరిగి, ఆయన గడ్డం చేతిలో ఉన్నట్టే మెల్లగా అంది. "గుమ్మం ఎక్కొద్దన్నావు కదా. అన్నమాట నిలబెట్టుకున్నావనుకున్నాను."

ఆర్విల్ తల అడ్డంగా ఊపి, గ్లెన్నా పట్టుకున్న ఫోనులోకి వంగాడు. "వినపడలేదు తల్లీ."

"పెన్నీ ఉందిగా. పెన్నీ చెబుతుందిగా నీకు. చెప్పినా రాలేదనుకున్నాను."

గ్లెన్నా ఆర్విల్‌ను చూసింది. ఆర్విల్ గ్లెన్నాను చూశాడు. చెప్పేది ఎవరో తేలేదాకా మిస్టీ అటువైపు ఎదురుచూసింది.

"పెన్నీ లేదు," అన్నాడు ఆర్విల్. పోలీసులు వచ్చిన సంగతి, ర్యాండీ కోసం వచ్చిన సంగతి, లైసెన్సు మీద రాసి ఉన్న ఇంటి సంగతి గ్లెన్నా ఫోనులో చెప్పింది. మిస్టీ మధ్యలో ఒక్కసారీ అడ్డు రాలేదు. విని, ఫోను బల్లమీద పెట్టేసింది. పెదాలు మాత్రం కదిపింది.

"అబద్ధం చెబుతున్నావు నాన్నా," అంది. "తలుపు తియ్యనందుకు."

అప్పటికే కాపలా ఆవిడ వచ్చి టైమైందని ఆమె భుజం తట్టింది.

ఇంటికొచ్చే దారిలో గ్లెన్నా కారు నడుపుతూ ఏదో అంటూనే ఉంది. ముఖం రోడ్డువైపు ఉంది కాబట్టి ఆర్విల్‌కు ఒక్క ముక్కా తెలియలేదు. తెలియకపోయినా, హెర్షెల్ పెట్టెలోని కుక్కపిల్ల గురించే అంటోందని ఆయనకు తెలుసు. మర్నాడు వెళ్లి ఆ దీపం కొనుక్కొచ్చి తలుపుకు బిగించాడు. దాన్ని గ్లెన్నా చూసింది, బాగుందనీ అనలేదు, ఇప్పుడెందుకనీ అనలేదు.

మిస్టీ విడుదలయ్యాక ఆ ఊరు రాలేదు. ఇండియానాలో ఒక లాడ్జిలో దుప్పట్లు ఉతికే పనిలో ఉంది, మత్తుమందు ముట్టడం లేదంటుంది. కుక్క సంగతి ఇప్పుడు నమ్ముతుంది. గ్లెన్నా వెళ్లినప్పుడు వకీలు కాగితాలు పట్టుకెళ్లి చూపించింది. నమ్మినా, ఇంటికి రావాలంటే కాళ్లు రావు, ఆ గుమ్మంలో తనవల్లే అంత జరిగిందని. ఆదివారాలు ఫోను చేస్తుంది. గ్లెన్నా మాట్లాడుతుంది, ఆర్విల్ పక్కన కూర్చుంటాడు. "నాన్న బాగున్నాడా అంటోంది," అని చెబుతుంది గ్లెన్నా. "బాగున్నానని చెప్పు," అంటాడు ఆర్విల్. అంతకంటే ఎక్కువ సంగతులు ఆ ఫోను దాటి రావు.

కోడీకి దళంలో హోదా పెరిగింది. హెర్షెల్ మొన్న శీతాకాలం గుండె ఆగి పోయాడు. వెళ్లనంటూనే ఆర్విల్ కోటు తొడుక్కున్నాడు. చర్చిలో ఆఖరి వరసలో గ్లెన్నా పక్కన నిలబడ్డాడు. శవపెట్టె మోసేవాళ్లలో తనుండాల్సిన చోట ఎవరో కుర్రాడు ఉన్నాడు.

అందరూ బయటికి వస్తుంటే కోడీ జనంలోంచి నేరుగా వాళ్ల దగ్గరికి వచ్చాడు. టోపీ చేతిలో ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆర్విల్‌కు ఎదురుగా, చిన్నప్పుడు నిలబడినట్టే దగ్గరగా నిలబడ్డాడు. ముసలాయనతో ఎట్లా మాట్లాడాలో వాడికి తెలుసు. "స్టిడమ్ గారూ," అన్నంతవరకు ఆర్విల్ చూశాడు.

చూసి, ముఖం పక్కకు తిప్పుకున్నాడు. నదివైపు చూస్తూ నిలబడ్డాడు, వాడి మాట పూర్తయిందని గ్లెన్నా చేత్తో తట్టేదాకా.

కారులో కూర్చున్నాక గ్లెన్నా తాళం తిప్పలేదు. ఆయనవైపు తిరిగి, కనపడేట్టు చెప్పింది.

"చాలాసేపు మాట్లాడాడు."

"నేను చూడలేదు."

"నేను విన్నాను," అంది గ్లెన్నా. ఆయన అడుగుతాడేమోనని కాసేపు ఆగింది. ఆర్విల్ సీటు బెల్టు పెట్టుకుని ముందుకు చూశాడు. ఆమె కారు స్టార్టు చేసింది.

ఇప్పటిదాకా ఆయన అడగలేదు.